లిస్టు వాళ్ళది, డాక్టరు మన ఇష్టం

పోయిన నెల ఒక శనివారం సాయంత్రం అల్లం దంచి టీలో వేస్తుంటే మా కింది ఫ్లాట్ అమ్మాయి వచ్చింది. ‘‘కూర్చో తల్లీ, రెండు నిమిషాల్లో అయిపోతుంది’’ అన్నాను. కూర్చోలేదు. వంటగట్టుకి అరచెయ్యి ఆనించి, బరువంతా ఎడమకాలి మీద వేసి నిలబడింది. ముఖం మీద నవ్వు ఉంది గానీ, కాస్త కదిలినప్పుడల్లా పెదవి బిగపడుతోంది. ‘‘కూర్చుంటే మళ్ళీ లేవలేనక్కా’’ అంది మెల్లగా.

గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పింది. ఇక్కడే ఫ్రీమాంట్ చుట్టుపక్కల ఒక ఇండియన్ గ్రోసరీ షాపులో పని. 20 పౌండ్ల సోనా మసూరి బస్తాలు అరలో సర్దుతోందట. ఒకటి ఎత్తి పక్కకి తిరగగానే నడుము కలుక్కుమంది. అది జరిగి 17 రోజులు. ఇన్నాళ్ళూ ఇండియా నుంచి తెచ్చుకున్న నొప్పి మాత్రలు, జండూబామ్, రాత్రిళ్ళు వేడినీళ్ళ కాపడం. షాపులో చెప్పలేదు. ఇంట్లో భర్తకి కూడా సగమే చెప్పింది.

‘‘ఎందుకు చెప్పలేదే?’’ అంటే, ‘‘ఓనరుగారు మనవాళ్ళేనక్కా. ఇక్కడ అనుభవం ఏమీ లేకపోయినా నాకు పనిచ్చారు. నేను పోయి ఆయన మీద కేసు వేస్తే బాగుంటుందా?’’ అంది. కళ్ళనిండా నీళ్ళు.

ఆ రోజు నుంచీ ఈ ముచ్చట మీ చెవిన వెయ్యాలనే ఉంది. ఎందుకంటే ఈ బెంగ ఆ పిల్ల ఒక్కదానిదే కాదు. కాలిఫోర్నియాలో మనం ఎన్ని చోట్ల పనిచేస్తున్నాం! డే కేర్‌లో పసిపిల్లల్ని ఎత్తుకుంటున్నాం, స్కూలు క్యాంటీన్లో ట్రేలు మోస్తున్నాం, గోడౌన్లలో పెట్టెలు కడుతున్నాం, కొందరం పొద్దస్తమానం కీబోర్డు ముందే ఉంటున్నాం. ఒళ్ళు ఎక్కడో ఒకచోట పట్టేస్తుంది. పట్టేసినప్పుడు ముందు మనకి వచ్చేది నొప్పి కాదు, మొహమాటం. అవునా కాదా?

అందుకే ముందు ఆ ‘కేసు’ అనే మాట మనసులోంచి తీసేద్దాం. ఇది కేసు కాదు, బీమా. వర్కర్స్ కాంప్ అంటారే, అదే. పనిలో దెబ్బ తగిలితే తప్పు ఎవరిదన్న ప్రశ్నే ఉండదు. ఓనరు తప్పని మనం రుజువు చెయ్యక్కర్లేదు, మనం జాగ్రత్తగా లేమని ఆయన వాదించే పనీ లేదు. వైద్యం ఖర్చు బీమా కంపెనీ చూసుకుంటుంది. కాలిఫోర్నియాలో 1913 నుంచీ ఉన్న పద్ధతి ఇది. ఒక్క మనిషిని పనిలో పెట్టుకున్నా యజమాని ఈ బీమా తీసుకోవాల్సిందే. దానికి మన జీతంలోంచి ఒక్క సెంటు కూడా కొయ్యకూడదు. అంటే ఆయన మన కోసం ప్రీమియం కడుతూనే ఉన్నాడు కదా? కట్టిన బీమాని వాడుకుంటే ఆయన్ని అవమానించినట్టు ఎలా అవుతుంది? చెప్పకుండా దాచి, నెల తర్వాత మంచం పడితేనే ఆయనకీ ఇబ్బంది.

ఇంకో భయం కూడా మీ నాలుక చివర ఉందని నాకు తెలుసు. వీసా. డిపెండెంట్‌గా వచ్చి వర్క్ పర్మిట్ మీద పనిచేస్తున్నాం, ఇలాంటి కాగితాల్లో పేరు పడితే రేపు గ్రీన్ కార్డుకి ఏమన్నా అంటారేమో అని. ఇది సర్కారు ఇచ్చే సాయం కాదమ్మా, యజమాని బీమా. ఇమ్మిగ్రేషన్ స్థితి ఏదైనా, అసలు కాగితాలే లేని మనిషికైనా, పనిలో దెబ్బ తగిలితే వైద్యం హక్కు ఉందని ఇక్కడి చట్టం చెబుతోంది. క్లెయిమ్ పెట్టినందుకు పనిలోంచి తీసెయ్యడం, వేధించడం కూడా చట్టవిరుద్ధం. ఆ బరువు దించేసి ఒక గుక్క టీ తాగండి.

ఇక ఆ అమ్మాయి సంగతి. దెబ్బ తగిలిన 30 రోజుల్లోగా యజమానికి చెప్పాలి. తనకి ఇంకా 13 రోజులున్నాయి. ‘‘సోమవారం పొద్దున్నే చెప్పు. నోటితో చెప్పి, వెంటనే ఫోన్లో రెండు లైన్ల మెసేజ్ కూడా పెట్టు, తారీఖు ఉంటుంది’’ అన్నాను. చెప్పిన తర్వాత ఒక పనిదినంలోగా వాళ్ళు డి.డబ్ల్యు.సి. 1 అనే క్లెయిమ్ ఫారం మన చేతికివ్వాలి. అది నింపి ఇచ్చాక మళ్ళీ ఒక్క పనిదినంలో వైద్యం మొదలుపెట్టడానికి ఒప్పుకోవాలి. క్లెయిమ్ ఒప్పుకోవాలా వద్దా అని బీమా కంపెనీ ఆలోచించుకుంటున్నంతకాలం కూడా 10,000 డాలర్ల దాకా వైద్యం ఆపడానికి లేదు. ఆ ఆలోచన 90 రోజుల్లో తేలకపోతే, దెబ్బ పనిలోనే తగిలిందని ఒప్పుకున్నట్టు లెక్క. కీబోర్డు మీద ఏళ్ళ తరబడి కొట్టి కొట్టి వచ్చిన మణికట్టు నొప్పి కూడా పనిలో దెబ్బే. ఒక్కరోజులో తగలలేదు కాబట్టి లెక్కలోకి రాదని అనుకోకండి.

సోమవారం ఓనరు ఏమన్నాడనుకున్నారు? ‘‘అయ్యో, ఇన్నాళ్ళూ చెప్పలేదేమ్మా’’ అని ఆయనే ఫారం తెచ్చిచ్చాడు. మరునాడే ఒక క్లినిక్‌కి వెళ్ళమన్నారు. అప్పుడు పిల్లకి అసలు గుబులు మొదలైంది. ‘‘వాళ్ళు పంపే డాక్టరు వాళ్ళ మనిషే కదక్కా? నా మాట వింటాడా?’’

ఈ గుబులు అర్థం లేనిది కాదు. ఇక్కడ కొంచెం నిదానంగా మాట్లాడుకుందాం.

చాలామంది యజమానులు, వాళ్ళ తరఫున బీమా కంపెనీలు, ఒక మెడికల్ ప్రొవైడర్ నెట్‌వర్క్ పెట్టుకుంటారు. పొట్టిగా ఎం.పి.ఎన్. అంటారు. పనిలో దెబ్బలకి వైద్యం చేసే డాక్టర్లు, ఫిజికల్ థెరపీ వాళ్ళు, ఆసుపత్రులు, వీళ్ళందరితో ముందే ఒప్పందం చేసుకుని ఒక లిస్టు తయారుచేస్తారు. ఆ లిస్టుని, నడిపే పద్ధతిని రాష్ట్ర వర్కర్స్ కాంప్ విభాగం చూసి ఆమోదించాలి. ఆ ఆమోదం నాలుగేళ్ళకోసారి మళ్ళీ తెచ్చుకోవాలి. ఇది 2004లో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ గవర్నరుగా ఉండగా వచ్చిన ఎస్.బి. 899 చట్టంతో మొదలైంది. 2005 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు దెబ్బ చెప్పిన 30 రోజుల తర్వాత మనిష్టం వచ్చిన డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చు. నెట్‌వర్క్ లేని యజమాని దగ్గర ఇప్పటికీ అంతే. కానీ అప్పట్లో ప్రీమియంలు విపరీతంగా పెరిగిపోయి చిన్న వ్యాపారాలు గోల పెట్టాయి. ఆ గోలకి జవాబుగా వచ్చిందే ఈ లిస్టు.

వాళ్ళకి దీనివల్ల ఏం లాభం? ఫీజులు ముందే మాట్లాడుకుని ఉంటారు. రాష్ట్రం రాసిపెట్టిన వైద్య మార్గదర్శకాల ప్రకారం నడిచే డాక్టర్లని ఎంచుకుంటారు. రిపోర్టులు టైముకి వస్తాయి. మనిషి ఎప్పటికి పనిలోకి తిరిగి రాగలదో, ఎంత బరువు ఎత్తగలదో డాక్టరు కాగితం మీద స్పష్టంగా రాస్తాడు. ఇందులో మనకీ కొంత మేలుంది. మామూలు ఫ్యామిలీ డాక్టర్లలో చాలామంది ఈ వర్కర్స్ కాంప్ కాగితాల జోలికే రారు. లిస్టులో ఉన్నవాళ్ళకి ఆ పని చేతికి అలవాటై ఉంటుంది. కాబట్టి నెట్‌వర్క్ అనగానే మనకి వ్యతిరేకంగా కట్టిన గోడ అనుకోవద్దు. కానీ డబ్బు పొదుపు చెయ్యడానికి కట్టిందని మాత్రం గుర్తుపెట్టుకుని, కళ్ళు తెరుచుకుని లోపలికి వెళ్దాం.

మనలో చాలామందికి తెలియనిది ఇదిగో, ఇక్కడుంది. ఆ మొదటి విజిట్ ఒక్కటే వాళ్ళు ఏర్పాటు చేసేది. దాని తర్వాత ఆ లిస్టులో మనకి నచ్చిన డాక్టర్ని మనమే ఎంచుకోవచ్చు. ఆ మాట మనకి చెప్పాల్సిన బాధ్యత కూడా యజమానిదే. ఎంచుకున్నాక నచ్చకపోతే లిస్టులోనే ఇంకొకరి దగ్గరికి మారొచ్చు.

ఇది తెలియక నేను నాలుగు నెలలు పోగొట్టుకున్నాను. కొన్నేళ్ళ కిందట కుడిచేతి మణికట్టు తిమ్మిరెక్కి, రాత్రిళ్ళు చెయ్యి విదిలించుకుంటూ లేచేదాన్ని. ఆఫీసువాళ్ళు ఒక క్లినిక్‌కి పంపారు. అక్కడ డాక్టరు కంప్యూటర్ తెర మీంచి చూపు తిప్పకుండా, ఒక పట్టీ ఇచ్చి, ‘‘పని చేసుకోవచ్చు’’ అని రాసేశాడు. అంతే, ఇంక ఆయనే నా డాక్టరు, ఆయన మాటే ఆఖరిమాట అనుకున్నాను. ఎందుకు అనుకున్నాను? మా నాన్నగారు హైదరాబాదు బాలానగర్‌లో ఫ్యాక్టరీలో పనిచేసేవారు. ఒంట్లో బాగోకపోతే ముందు డిస్పెన్సరీ, వాళ్ళు చీటీ రాస్తే సనత్‌నగర్ ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి. ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్ళడమే నాకు తెలిసిన పద్ధతి. నాలుగు నెలల తర్వాత సొరుగు సర్దుతుంటే ఆఫీసు ఇచ్చిన కవరు దొరికింది. అందులో మూడో పేజీలో ఉంది, మొదటి విజిట్ తర్వాత మీకు నచ్చిన డాక్టర్ని ఎంచుకోవచ్చని. ఆ కాగితం పట్టుకుని చాలాసేపు నేలమీదే కూర్చుండిపోయాను. లిస్టులో చేతుల స్పెషలిస్టుని వెతుక్కుని వెళ్తే, ఆవిడ మొదటిరోజే నరం పరీక్ష రాసింది. ఇప్పటికీ చలికాలంలో చపాతీ పిండి కలిపితే ఆ చేతి బొటనవేలు లాగుతుంది. ఆ నాలుగు నెలలు మీకెవరికీ పోకూడదనే ఇంత చెప్పడం.

సరే, లిస్టు చేతికొచ్చింది. అందులో వంద పేర్లు. ఎవరిని పట్టుకోవాలి? ఆ అమ్మాయి కూడా ఫోన్లో లిస్టు చూస్తూ బిక్కమొహం వేసింది. ప్రతి నెట్‌వర్క్‌కీ మనలాంటివాళ్ళకి సాయం చెయ్యడానికి మెడికల్ యాక్సెస్ అసిస్టెంట్ అని ఒకరుండాలి. టోల్‌ఫ్రీ నంబరు, సోమవారం నుంచి శనివారం దాకా, పొద్దున ఏడు నుంచి రాత్రి ఎనిమిది వరకు. మళ్ళీ శనివారం వచ్చేసరికి మా డైనింగ్ టేబుల్ మీద స్పీకర్ పెట్టి ఇద్దరం కలిసి ఫోన్ చేశాం. అవతలి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. ‘‘నడుముకి చూసే డాక్టర్లు మా ఇంటికి దగ్గరలో ఎవరెవరున్నారు, ఎవరు కొత్త పేషెంట్లని తీసుకుంటున్నారు, అపాయింట్‌మెంట్ ఎప్పటికి దొరుకుతుంది’’ అని ఈ మూడే అడిగించాను. పేరు, తారీఖు, టైము ఒక నోట్‌బుక్‌లో రాయించాను. మీరూ ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి.

ఏ డాక్టరో దొరికారు కదా అని రెండు గంటలు కారు నడుపుకుంటూ వెళ్ళక్కర్లేదు. ప్రధానంగా వైద్యం చూసే డాక్టరు 15 మైళ్ళు లేదా 30 నిమిషాల దూరంలో, స్పెషలిస్టు 30 మైళ్ళు లేదా గంట దూరంలో ఉండాలని నిబంధన. మొదటి వైద్యానికి అడిగిన మూడు పనిదినాల్లో, స్పెషలిస్టుకి 20 పనిదినాల్లో అపాయింట్‌మెంట్ ఇప్పించాలి. వాళ్ళు ఇప్పించలేకపోతే ఊరుకోకండి, నోట్‌బుక్‌లో తారీఖులు చూపించి గట్టిగా అడగండి. నెట్‌వర్క్‌లో డాక్టరు దొరకకపోతే బయటివాళ్ళకి చూపించుకునే ఏర్పాటు వాళ్ళే చెయ్యాలి.

డాక్టరు గదిలోకి వెళ్ళాక రెండే రెండు సంగతులు. ఒకటి, దెబ్బ పనిలో తగిలిందని మొదటి నిమిషంలోనే చెప్పండి. సిగ్గుపడి ‘‘ఇంట్లో జారిపడ్డాను’’ అని మాత్రం అనకండి. ఆ ఒక్క మాట రికార్డులోకి ఎక్కితే తర్వాత చెరపడం ఎంత కష్టమో! మీ హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు తియ్యక్కర్లేదు, కో-పే కట్టక్కర్లేదు. రెండోది, ఎక్కడెక్కడ నొప్పి ఉందో అన్నీ చెప్పండి. మనకో అలవాటుంది, పెద్ద నొప్పి చెప్పి చిన్నది మింగేస్తాం. ఆ అమ్మాయి నడుము చెప్పి, కాలి వెనక జాలుగా దిగే నొప్పి చెప్పలేదు. ‘‘అది కొంచెమేలే అక్కా’’ అంది. ఆ కొంచెమే డాక్టరుకి అసలు విషయం చెప్పేది!

ఇంగ్లీషు ధారాళంగా రాని అత్తయ్యలు, పిన్నులు కూడా డే కేర్లలో, వంటగదుల్లో పనిచేస్తున్నారు. వాళ్ళకి తగిలితే పన్నెండేళ్ళ మనవడిని పక్కన కూర్చోబెట్టి అనువాదం చేయించకండి. డాక్టరు దగ్గర దుభాషిని పొందే హక్కు ఉంది, ఖర్చు బీమావాళ్ళదే. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ‘తెలుగు’ అని చెప్పండి. రానూపోనూ మైళ్ళకి కూడా డబ్బిస్తారు. అదీ నోట్‌బుక్‌లో రాసుకోండి.

డాక్టరు చెప్పిన రోగం మీదో, చేసే వైద్యం మీదో మీకు నమ్మకం కుదరలేదనుకోండి. అప్పుడు ఏడుస్తూ కూర్చోవద్దు, మందులు మానెయ్యొద్దు. ఆయన దగ్గర వైద్యం సాగుతుండగానే లిస్టులో ఇంకొకరి దగ్గర రెండో అభిప్రాయం, అదీ నప్పకపోతే మూడోది తీసుకోవచ్చు. లిస్టు చేతికొచ్చాక 60 రోజుల్లోగా అపాయింట్‌మెంట్ పెట్టుకోవడం మర్చిపోకండి. మూడోదీ కుదరకపోతే బయటి డాక్టరు చేత స్వతంత్ర సమీక్ష అడగొచ్చు. ఇక డాక్టరు ఒక స్కాన్ రాస్తే, అది అవసరమా కాదా అని బీమావాళ్ళ వైపు వేరే డాక్టర్లు చూస్తారు. కొన్నిసార్లు కాదంటూ ఉత్తరం వస్తుంది. అదుగో, ఆ కవరే ఫ్రిజ్ మీద పెట్టి మర్చిపోతాం. దాంతోపాటే సమీక్ష కోరే ఫారం ఉంటుంది, మామూలుగా 30 రోజుల్లో సంతకం పెట్టి పంపాలి. కవరు వచ్చిన రోజే విప్పండి, నా మాట వినండి.

డబ్బు బెంగ అన్నిటికన్నా పెద్దది కదూ? పూర్తిగా పని మానాల్సి వస్తే వారానికి వచ్చే జీతంలో సుమారు మూడింట రెండు వంతులు, చట్టం పెట్టిన పరిమితి లోపల వస్తుంది. మొదటి మూడు రోజులకి రాదు. ఆసుపత్రిలో చేరితే, లేదా 14 రోజులు దాటితే వాటికీ వస్తుంది. చాలాసార్లు డాక్టరు పూర్తిగా మానమనడు, ‘పది పౌండ్లు మించి ఎత్తకూడదు’ అని కాగితం రాస్తాడు. ఆ కాగితం ఓనరుకి ఇవ్వండి, ఫోటో మీ దగ్గర ఉంచుకోండి. మన పిల్లకి ఇప్పుడు బస్తాల పని లేదు, బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఎత్తు స్టూలు వేసిచ్చారు. కొత్త డాక్టరు ఫిజికల్ థెరపీ రాశారు. అది ఒక దెబ్బకి మామూలుగా 24 సార్ల దాకా ఇస్తారు, అందుకే ఒక్కటీ ఎగ్గొట్టొద్దని రోజూ పొద్దున్నే మెసేజ్ పెడుతున్నాను.

ఇంతవరకూ దెబ్బ తగిలినవాళ్ళ సంగతి. ఏమీ కాకుండా హాయిగా ఉన్నవాళ్ళు కూడా ఒక పని చేసి పెట్టుకోవాలి. మీకు మామూలు హెల్త్ ఇన్సూరెన్స్ ఉండి, ఎప్పటినుంచో చూపించుకునే ఫ్యామిలీ డాక్టరు ఉన్నారా? మీ రికార్డులన్నీ వాళ్ళ దగ్గరే ఉన్నాయా? అయితే దెబ్బ తగలకముందే, పనిలో ఏమన్నా అయితే ఈ డాక్టరే చూస్తారని యజమానికి రాసివ్వొచ్చు. డాక్టరు ముందే ఒప్పుకోవాలి. 9783 నంబరు ఫారం మీద రాసిస్తే, మొదటిరోజు నుంచే నెట్‌వర్క్‌తో పని లేకుండా మీ డాక్టరు దగ్గరికే వెళ్ళొచ్చు. దెబ్బ తగిలాక రాసిస్తే చెల్లదు. ఎంత చిన్న కాగితం, ఎంత పెద్ద నిశ్చింత!

ఇదంతా కాలిఫోర్నియా మాట. న్యూజెర్సీలో ఉన్న చెల్లెళ్ళూ, అక్కడ డాక్టర్ని ఎంచుకునేది యజమానే. డాలస్, హ్యూస్టన్ వైపున్న మీకు ఇంకో సంగతి, టెక్సాస్‌లో ప్రైవేటు యజమాని అసలు ఈ బీమా తీసుకోకపోయినా చెల్లుతుంది. కాబట్టి మీ ఆఫీసులో అది ఉందో లేదో, ఉంటే డాక్టర్ల లిస్టు ఉందో లేదో ఈ వారమే అడిగి తెలుసుకోండి. కాలిఫోర్నియాలో ఎక్కడైనా తికమక పడితే రాష్ట్ర వర్కర్స్ కాంప్ విభాగంలో ఇన్ఫర్మేషన్ అండ్ అసిస్టెన్స్ ఆఫీసర్లు ఉంటారు, పైసా తీసుకోకుండా చెబుతారు. మొహమాటపడకుండా ఫోన్ చెయ్యండి.

రేపు పనికి వెళ్ళగానే మీ బ్రేక్ రూం గోడ చూడండి. వర్కర్స్ కాంప్ పోస్టరు ఒకటి అక్కడ ఉండి తీరాలి. దానిమీద బీమా ఎవరిదో, ఎవరికి ఫోన్ చెయ్యాలో ఉంటుంది. ఒక ఫోటో తీసి మీ ఫోన్లోనూ, మీ ఆయన ఫోన్లోనూ పెట్టుకోండి.